ఫైబర్ తెగితే కొట్టుకి ఫోన్ హాట్‌స్పాట్ చాలదా, సిమ్ రౌటర్ కొనాల్సిందేనా?

మింట్‌వీధి స్టీలు

అందరికీ నమస్కారం. మాది చెన్నై షావుకారుపేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు, తాతగారి నాటిది. నెట్‌తో పని పెద్దగా ఉండదు. టాలీలో లెక్కలు, సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే ఈ-వే బిల్లులు, వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు, నాలుగు కెమెరాలు, అంతే.

పోయిన వారం వాననీటి కాలువ కోసం తవ్వుతూ జేసీబీతో ఫైబర్ తెంపేశారు. నేనా రోజు నెల్లూరులో పెళ్ళిలో ఉన్నాను. సూళ్లూరుపేట పార్టీకి 80 వేల సరుకు లారీకెక్కించి ఉంది. రాష్ట్రం దాటే సరుకు 50 వేలు మించితే ఈ-వే బిల్లు లేకుండా బండి కదలదు కదా. కొట్లో కుర్రాడి ఫోన్లో ఆ రోజు డేటా పొద్దున్నే రీల్స్‌కి ఖర్చయిపోయింది. నాన్నగారిది బటన్ల ఫోను. డ్రైవరు మూడు గంటలు ఎదురు టీకొట్లో కూర్చుని, వెయిటింగ్ అని 600 పుచ్చుకుని మరీ కదిలాడు.

సిమ్ వేసే రౌటర్ ఒకటి కొనమని మా బావమరిది పోరు. "ఎప్పుడో ఒక రోజు పోయేదానికి ఇంకో పెట్టె, దానికో కరెంటు దండగ" అని నాన్నగారు. మీరేమంటారు?

పాత డాంగిల్

నేను నాన్నగారి పక్షం. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడా! టీ నగర్‌లో నాది జిరాక్స్ షాపు. ఇన్నేళ్ళుగా నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాటే, ఒక్క గిరాకీ వెనక్కి పోలేదు. కుర్రాడికి మంచి ప్యాకు మీరే వేయించండి, నెలకి మూడొందలు, పనైపోయింది.

ఇంకోటి, ఈ-వే బిల్లు ఎస్సెమ్మెస్‌తో కూడా తీయొచ్చు. పోర్టల్లో నంబరు ముందే నమోదు చేసి ఉండాలి. బటన్ల ఫోను చాలు దానికి.

తీగలాగితే

పెరుంగుడి, తరమణి వైపు చిన్న ఆఫీసులకి నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. ఏ పెట్టె అన్నది తర్వాతండీ. నెట్ పోయినప్పుడు ఎవరూ ఏమీ నొక్కకుండా దానంతటదే మారాలా, వద్దా? అది ముందు తేల్చుకోండి. మీ హాట్‌స్పాట్ మీ జేబులో పడి నెల్లూరు పెళ్ళికి వెళ్ళిపోయింది, అదీ అసలు సంగతి. జిరాక్స్ షాపాయన రోజంతా కౌంటర్లోనే ఉంటారు కాబట్టి ఆయనకి నడిచింది.

రౌటర్‌కి గుచ్చే యూఎస్‌బీ డాంగిల్ చౌక. కానీ ప్రతి రౌటరూ ప్రతి డాంగిల్‌నీ గుర్తుపట్టదు, జాబితా చూసి కొనాలి. జేబు హాట్‌స్పాట్, అంటే సిమ్ వేసే చిన్న బ్యాటరీ డబ్బా, ప్రయాణాలకి మంచిది. కొట్టుకైతే సిమ్ స్లాటూ, బయటి నెట్ తీగ పెట్టే వ్యాన్ పోర్టూ రెండూ ఉన్న 4జీ రౌటరే నేను పెట్టేది. ఫైబర్ పెట్టె నుంచి వచ్చే తీగ వ్యాన్ పోర్టులోకి పోతుంది, సిమ్ లోపల నిద్రపోతూ ఉంటుంది.

ఇక్కడ చాలామంది బోర్లాపడే చోటొకటుంది. వీధిలో ఫైబర్ తెగినా మీ గోడకున్న ఓఎన్‌టీకి, అదే ఆ ఫైబర్ పెట్టెకి, కరెంటు ఉంటుంది. ఎల్ఓఎస్ (ఫైబర్ సిగ్నల్ పోయిందని గుర్తు) దగ్గర ఎర్రలైటు కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ దాన్నుంచి రౌటర్‌కి వచ్చే పొట్టి తీగ బతికే ఉంటుంది. రౌటరేమో "తీగ ఉంది కదా" అని నిమ్మళంగా కూర్చుంటుంది, సిమ్‌కి మారదు. బయట ఏదో ఒక అడ్రసుకి, గూగుల్ వాళ్ళ 8.8.8.8 అనుకోండి, అస్తమానం పింగ్ పెట్టి, అంటే "ఉన్నావా" అని పలకరించి, జవాబు రాకపోతే మారే రకం కావాలి. ఇలా దానంతటదే మారడాన్ని ఫెయిలోవర్ అంటారు. కొనేటప్పుడు "ఫెయిలోవర్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. "తీగ ఉండి నెట్ లేకపోతే మారుతుందా" అని అడగండి.

సిమ్ మాత్రం మీ ఫైబర్ కంపెనీది వద్దు. టవర్లకీ చాలావాటికి నేలలోంచే ఫైబర్. రెండూ ఒకే గోతిలో ఉంటే ఒక్క జేసీబీ దెబ్బకి రెండూ పోతాయి.

పాత డాంగిల్

అంత హంగామా ఎందుకు, తీగ లేకుండా టవర్ నుంచి నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ పెట్టించుకుంటే పోదా? జియో 2023 సెప్టెంబరులో మొదట ఇచ్చిన ఎనిమిది ఊళ్ళలో చెన్నై ఉంది. వీధిలో తవ్వితే ఏంటి, తవ్వకపోతే ఏంటి.

తీగలాగితే

పెట్టుకోవచ్చు, మేడ మీద డబ్బా బిగించుకోనిస్తే. షావుకారుపేటలో ఒక్కో మేడకి ఎంతమంది వాటాదారులో వారినే అడగండి. పైగా ఎప్పుడో వాడేదానికి ప్రతి నెలా రెండో బిల్లు.

పద్దులమ్మ

నేను ఐదారు కొట్లకి లెక్కలు రాస్తాను. మీరంతా పెట్టెల గురించే మాట్లాడుతున్నారు. తమ్ముడూ, ఆ రోజు కుర్రాడి ఫోన్లో డేటా ఉన్నా బిల్లు తీసేవాడా? ఇప్పుడు ఈ-వే బిల్లు లాగిన్‌కి ఓటీపీ వస్తోంది. అది నెల్లూరులో భోజనాల బంతిలో ఉన్న నీ ఫోనుకి పోతుంది, నువ్వు చూసుకోవు. పోర్టల్లో నీ ఖాతా కిందే సబ్-యూజర్ లాగిన్ ఒకటి తెరిచి కుర్రాడి నంబరివ్వు. దానికి పైసా ఖర్చు లేదు. అది చేశాక కూడా ఇబ్బందుంటే అప్పుడు రౌటర్.

హాట్‌స్పాట్‌తో నాకున్న చిక్కు వేరే. 20వ తేదీన జీఎస్టీ రిటర్ను త్రీ-బీ దాఖలు చేస్తుంటే ఓనరు గారికి ఫోనొస్తుంది, మాట్లాడుకుంటూ బయటికెళ్ళిపోతారు. నా స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది.

వేళచ్చేరి ల్యాబ్

మాది రక్తపరీక్షల సెంటరు. రెండు మాటలు చెప్తాను, రెండూ కాల్చుకున్నవే.

మొదట జేబు హాట్‌స్పాట్ కొన్నాం. బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా నడుస్తుంది కదా అని. రిసెప్షన్ బల్ల కింద రాత్రీపగలూ చార్జర్‌కే తగిలించి ఉంచాం. ఏడాది తిరక్కుండా వెనక మూత పూరీలా పొంగింది. ఊడ్చే అమ్మాయి చూసి చెప్పింది కాబట్టి సరిపోయింది.

తర్వాత సిమ్ రౌటర్, దానికో చిన్న 12 వోల్టుల యూపీఎస్. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో వీధిలో మోకాలి లోతు నీళ్ళు, ఈబీ వాళ్ళు కరెంటు కట్టేశారు. మా రౌటర్ లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి, కానీ మధ్యాహ్నానికల్లా టవరే పోయింది. వాళ్ళ బ్యాటరీలూ ఎంతసేపని ఆగుతాయి? ఆ తుఫాను మర్నాడు మా ఊరి పక్క బాపట్ల దగ్గరే తీరం దాటింది. అమ్మకి నేను, నాకు అమ్మ, ఇద్దరికీ ఫోను కలవలేదు. జేసీబీకైతే సిమ్ రౌటర్ మందేనండి, తుఫానుకి కాదు. రిపోర్టులు ఆ రెండు రోజులూ కాగితం మీదే రాసిచ్చాం.

మింట్‌వీధి స్టీలు

పద్దులమ్మ గారూ, సబ్-యూజర్ నిన్ననే తెరిచాను, ధన్యవాదాలు. బావమరిది దగ్గరున్న 4జీ రౌటర్ తెచ్చి పెట్టి చూశాను. కౌంటర్ దగ్గర ఒక్క గీతే వస్తోంది. అదే సిమ్ ఫోన్లో వేసి వీధిలో చూస్తే నిండుగా ఉంది. రౌటర్ పాడైందంటారా?

తీగలాగితే

రౌటర్ బాగానే ఉంటుంది. మీ కొట్టే ఒక ఇనప్పెట్టె! పాతకాలపు మందపాటి గోడలు, నేల నుంచి కప్పు దాకా స్టీలు బిందెలు, గంగాళాలు. సిగ్నల్ ఎటు నుంచి రావాలి? రౌటర్ పేజీలో ఆర్ఎస్ఆర్‌పీ అని సిగ్నల్ బలం చెప్పే ఒక అంకె ఉంటుంది. మైనస్ 95 దగ్గరుంటే హాయి, మైనస్ 115 దాటితే ఏడుపే. పెట్టె చేత్తో పట్టుకుని మెట్లెక్కుతూ చూడండి. ఎక్కడ బాగుంటే అక్కడే బిగించి, అక్కణ్ణుంచి కౌంటర్‌కి లాన్ తీగ లాగండి. యాంటెన్నా తీగ పొడుగు చేశారో, దార్లోనే సిగ్నల్ తినేస్తుంది. లాన్ తీగకి 100 మీటర్ల దాకా ఆ బాధ లేదు.

ఆ కెమెరాల సంగతి కూడా. క్లౌడ్‌కి పంపే రకమైతే ఒక్కోటి 1 ఎంబీపీఎస్ అనుకున్నా నాలుగూ కలిసి గంటకి 1.8 జీబీ. రోజుకి 2 జీబీ ప్యాకు గంటంబావులోపే అయిపోయి 64 కేబీపీఎస్‌కి పడుతుంది, ఇక బిల్లు పేజీ తెరుచుకోదు. సిమ్ మీద ఉన్నంతసేపూ కెమెరాలకి నెట్ ఆపేయండి, రికార్డింగ్ డబ్బాలో ఎలాగూ అవుతుంది. 5జీ అపరిమితం అని సిమ్ అమ్మేవాళ్ళు చెప్తే నమ్మకండి, 4జీ పెట్టెలో అది వర్తించదు.

పాత డాంగిల్

చూశారా? రౌటర్, తీగ, యూపీఎస్, కెమెరాల కత్తిరింపు, మెట్ల మీద ఊరేగింపు. నేను కుర్రాడికి ప్యాకు వేయించమన్నాను, అంతే.

పద్దులమ్మ

ఆ కుర్రాడు సెలవు పెట్టిన రోజో?

మింట్‌వీధి స్టీలు

మెట్ల మలుపులో కిటికీ దగ్గర మైనస్ 92 వచ్చింది. అక్కడే మేకు కొట్టి తగిలించాను, 18 మీటర్ల లాన్ తీగ పట్టింది. ఆదివారం పరీక్ష చేశాం. ఓఎన్‌టీకి కరెంటు అలాగే ఉంచి, సన్న పసుపు ఫైబర్ తీగ ఒక్కటే జాగ్రత్తగా విప్పాను. ఎర్రలైటు వచ్చింది. టాలీ కుర్రాడు వాచీ చూస్తూ కూర్చున్నాడు. 40 సెకన్లకి సిమ్ మీద నెట్ వచ్చింది. తీగ మళ్ళీ పెట్టాక వెనక్కి మారడానికి ఇంకాస్త పట్టింది, ఆ మారేటప్పుడు తెరిచి ఉన్న బ్యాంకు పేజీ మాత్రం లాగవుట్ అయ్యింది.

తీగలాగితే

అది మామూలే, మీ నెట్ అడ్రసు (ఐపీ) మారింది కదా, బ్యాంకు ఒప్పుకోదు. ఆ సిమ్‌ని మరీ మూడు నెలలు ముట్టకుండా వదిలేయకండి, నంబరే రద్దయిపోవచ్చు. నెలకోసారి ఆ పసుపు తీగ విప్పి పరీక్ష చేస్తే రెండు పనులూ అవుతాయి.

పాత డాంగిల్

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మెట్ల మీదున్న ఆ స్విచ్చి నాన్నగారి కంట పడకుండా చూసుకోండి.

మింట్‌వీధి స్టీలు

నిన్న రాత్రే పడింది. కొట్టు కట్టేసి వెళ్తూ ఆర్పేసి వెళ్ళారు.