సమస్య: "పరుల పేరు బిడ్డ బతుకు నిలిపె"

నిర్వాహకుడు (కడప): ఇది ఆటవెలది నాలుగో పాదం, పైన మూడు పాదాలు మీరు అల్లాల. కుళ్ళాయప్ప, మస్తానమ్మ, హుసేనప్ప అని ముస్లిం పీర్ల పేర్లు మన సీమ హిందువుల ఇండ్లలో ఉన్నాయి కదా, అది తలచుకొని ఇస్తున్నా. పూరించండి.

ప్రొద్దుటూరు సభ్యురాలు:

పుట్టి పుట్టి పోవ ముగ్గురు బిడ్డలు
దర్గ మెట్ల మీద తల్లి మొక్కె
దస్తగిరి యటంచు తన కొడుకును పిల్వ
పరుల పేరు బిడ్డ బతుకు నిలిపె

మా ఇంట్లో నాలుగు తరాలుగా దస్తగిరి ఉన్నాడు. ‘పరుల’ అని రాయడానికి చెయ్యాడలేదు.

నిర్వాహకుడు: అమ్మా, కండ్లు చెమర్చినాయి. మొదటి పాదంలో ‘పు’కు ‘ము’తో అక్షర మైత్రి, ముకార యతి, చెల్లుతుంది. దస్తగీర్ అంటే పారసీకంలో చెయ్యి పట్టి ఆదుకునేవాడు. బాగ్దాదు సూఫీ అబ్దుల్ ఖాదిర్ జీలానీని అట్లా పిలుస్తారు. ముగ్గురు చెయ్యి జారినాక నాలుగోవానికి ఆ పేరు!

పత్తికొండ సభ్యుడు:

పన్ను తగ్గుననుచు పలికిన దొరపేరు
రైతులింటి తొట్ల రాగమాయె
కరువు సీమలోన కన్న మన్రోలప్ప
పరుల పేరు బిడ్డ బతుకు నిలిపె

మైదుకూరు సభ్యుడు: మన్రోలప్ప అంటే అప్పటి మన సీమ కలెక్టరు మన్రో దొర పేరే. మన్రో 1807లో పన్ను పావువంతు తగ్గించమని సిఫారసు చేసినాడు. మీరు ‘తగ్గించిన’ అనకుండా ‘తగ్గుననుచు పలికిన’ అన్నారు, మెచ్చుకోవాల. 1827లో ఆయన కలరాతో పోయింది మీ పత్తికొండలోనే. అయితే పేరు తొట్లలో రాగమైంది సరే, బతుకు ఎట్లా నిలిపింది? మూడో పాదం ముడి విప్పలేదు.

పత్తికొండ సభ్యుడు: నిజమేన్నా. మూడో పాదం ఇట్లా మారుస్తా: "గింజ మిగిలి యింట గిన్నెలో నుడుకగా".

మైదుకూరు సభ్యుడు: ఇప్పుడు కుదిరింది. మన్రోలప్ప పోయినందుకు మాత్రం బాధగా ఉంది.

పులివెందుల సభ్యుడు:

నెట్టులోన వెదికి నేర్పుగా నేరిన
అర్థమెరుగలేని అందమేల
మొక్కు కట్టి తెచ్చి ముంగిట పిలిచిన
పరుల పేరు బిడ్డ బతుకు నిలిపె

కడప సభ్యురాలు: మామా, రెండో పాదం నాకు గుచ్చుకుంది. నేనూ నెట్టులోనే వెదికినా. మా పాప పేరు హనా, జపాను భాషలో పువ్వు. సంస్కృతంలో ‘హన’ అంటే చంపడమని మా నాయన ఆపినాడు. నెల రోజులు తర్జనభర్జన పడి, దీర్ఘం పెట్టి జనన పత్రంలో రాయించినాం. జేజికి నోరు తిరగక ‘హనుమక్కా’ అని పిలుస్తాది. పాప రెండు పేర్లకూ పలుకుతాది.

పులివెందుల సభ్యుడు: తప్పు నాదేనమ్మా. వెదికినోళ్ళందర్నీ ఒకే గాటన కట్టినా. ‘లేని’ తీసేసి "అర్థమెరుగకుంటె అందమేల" అని దిద్దుకున్నా. మీ హనుమక్కకు నా దీవెనలు.