చర్చ: ఊరి డబ్బుతో కట్టిన అరీనాని కొత్త ఇండోర్ ఫుట్‌బాల్ టీముకి అద్దె లేకుండా ఇవ్వొచ్చా?

మానేరు_మిడ్‌వెస్ట్:
అమెరికాలో చిన్న ఊళ్ళలో ఇళ్ళు కొనుక్కుని ఆస్తి పన్ను కడుతున్న మనవాళ్ళందరికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఒక ప్రమోటరు సిటీ కౌన్సిల్ దగ్గరికొచ్చి మూడేళ్ళ లీజు అడుగుతాడు. అద్దె ఇవ్వనంటాడు, టికెట్లలో వాటా ఇస్తానంటాడు, టర్ఫ్ (నేల మీద పరిచే కృత్రిమ గడ్డి) మాత్రం సిటీయే కొనాలంటాడు. ఇవ్వొచ్చనే నేనంటాను.

ఆట తెలియనివాళ్ళకి: ఇది అమెరికన్ ఫుట్‌బాలే, ఐస్ హాకీ రింకులో ఆడతారు. రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. మైదానం 50 గజాలు, రెండు చివరలా స్కోరు చేసే చోట్లు, అంటే ఎనిమిదేసి గజాల ఎండ్ జోన్లు, కలిపితే 198 అడుగులు. జట్టుకి ఎనిమిది మంది. కబడ్డీలో గీత ఉన్న చోట ఇక్కడ గోడ ఉంటుంది, ఆటగాడు దానికి కొట్టుకుని లోపలికే పడతాడు. పంట్ కొట్టకూడదు, అంటే బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకి వదిలేయకూడదు, అందుకే స్కోర్లు యాభై అరవై దాకా పోతాయి. మొదటి వరస ప్రేక్షకుడికీ ఆటగాడికీ మధ్య ఉండేది ఆ మెత్త గోడ ఒక్కటే. ఏప్రిల్ నుంచి జులై దాకా మామూలుగా హాకీ ఉండదు, హాలు ఖాళీగానే ఉన్నా కరెంటు, జీతాలు, అప్పు మీద వడ్డీ ఆగవు. సొంత ఊళ్ళో ఆడే ఆటలతో ఎనిమిది రాత్రులు నిండితే నష్టమేముంది?

పెన్నా_కాన్సస్:
నష్టముంది. మీరు హాలు వైపు నుంచి చూస్తున్నారు, లీగు వైపు నుంచి కూడా చూడండి. ఇలాంటి టీములు జనం రాక పోయేదానికంటే లీగు కూలి పోయేది ఎక్కువ. అరీనా ఫుట్‌బాల్ లీగు 2009 సీజన్‌ని రద్దు చేసుకుని మూతపడింది. చిన్న ఊళ్ళ కోసం 2000లో పెట్టిన దాని అనుబంధ లీగు ఏఎఫ్2 కూడా ఆ ఏడాదితోనే ఆగింది. 2010లో పెద్ద లీగు మళ్ళీ లేచి, 2019తో మళ్ళీ ఆగింది. 2024లో అదే పేరుతో పదహారు టీములతో మొదలుపెడితే, కొన్ని వారాల్లోనే టీములు వరసగా రాలిపోయాయి. మే నెలలో కమిషనర్ని, అంటే లీగు నడిపే అధికారిని, మార్చి, నాష్‌విల్ టీము వైపు నుంచి జెఫ్ ఫిషర్ని కూర్చోబెట్టి, మిగిలినవాటితో సీజన్ ముగించారు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ ఎంపైర్ టీము సంగతి ఇంకో రకం. ఆ టీము 2021, 2022లో వరసగా నేషనల్ అరీనా లీగు అనే మరో లీగులో విజేత. 2023లో యాజమాన్యం మారింది, లీగుకి కట్టాల్సిన డబ్బు కట్టలేదని జూన్‌లో లీగు బయటికి పంపేసింది. గెలిచే టీము, వచ్చే జనం రెండూ ఉన్న చోట జరిగిందిది. టర్ఫ్ సిటీ కొని ఉంటే దాన్ని ఏం చేసుకుంటుంది చెప్పండి. అందుకే మూడు ఆటల ఖర్చు ముందే డిపాజిట్ పెట్టించుకోవాలంటాను.

రింకు_కింద_నేల:
టర్ఫ్ విషయంలో నేను పెన్నా గారికి ఎదురు చెబుతాను. దాన్ని సిటీయే కొనాలి. టీము కొంటే, టీము మునిగిన రోజు ఆ టర్ఫ్ చుట్టలు అప్పులవాళ్ళ ఆస్తి అవుతాయి, కోర్టు తేల్చేదాకా మన గోదాములో చోటు తింటూ పడి ఉంటాయి. సిటీది అయితే ఏ లీగు వచ్చినా పనికొస్తుంది, ఎందుకంటే మైదానం కొలత లీగుని బట్టి కాదు, రింకుని బట్టి వచ్చింది. అడ్డంగా పరిస్తే 15 అడుగుల వెడల్పు చుట్టలు పద్నాలుగు కావాలి, ఒక్కోటి 85 అడుగులు. గోడ మెత్తలూ అంతే, ఎక్కడైనా పనికొస్తాయి.

సిటీ కొనకూడనిది గోల్ పక్కన కట్టే వలలు. అవి 30 అడుగుల వెడల్పు, 32 అడుగుల ఎత్తు, పైకప్పు నుంచి వేలాడదీయాలి. బంతి వలకి తగిలి తిరిగొస్తే ఆట ఆగదు, తప్పిన ఫీల్డ్ గోల్‌ని (గోల్ కర్రల మధ్యకి తన్నిన బంతిని) అందుకుని ఎదురు పరుగు తీయొచ్చు. ఆ ఏర్పాటుకి 1990లో పేటెంటు వచ్చి 2007దాకా నడిచింది, అందుకే మిగతా లీగులు వల లేకుండా నియమాలు రాసుకున్నాయి. ఇండోర్ ఫుట్‌బాల్ లీగు అనే పేరున్న లీగు ఈరోజుకీ వల లేకుండానే ఆడుతుంది. అంటే టీము లీగు మారితే వలలు అటకెక్కుతాయి. వాటిని టీమే తెచ్చుకోవాలి.

అసలు గొడవ ఐసుతో. హాకీ ప్లేఆఫ్‌లు సాగితే మే నెలలో కూడా ఐసు కరిగించలేరు. దాని మీద 4×8 అడుగుల ఇన్సులేషన్ పలకలు 510 దాకా పరిచి, పైన టర్ఫ్ వేస్తారు. కింద 24 ఫారెన్‌హీట్ దరిదాపుల్లో మంచు, పైన వేల మంది ఊపిరి, వెనక లారీలు దిగే తలుపు తెరిచి ఉంటే బయటి మే నెల గాలి. ఆ తేమంతా పలకల అతుకుల దగ్గర నీరవుతుంది. పైనుంచి చూస్తే టర్ఫ్ పొడిగానే ఉంటుంది. అంచు ఎత్తి అతుకు మీద వేలితో రాసి చూడాలి, వేలు తడిస్తే ఆట మొదలయ్యేసరికి టర్ఫ్ జారుతుంది, అతుకులు పట్టు వదులుతాయి, మోకాళ్ళు పోయేది అక్కడే. మందు సులువే: గాలిలో తేమ లాగే యంత్రాలు, డీహ్యూమిడిఫయర్లు, ముందు రోజు నుంచే నడపాలి, లారీ తలుపు పని లేనప్పుడు మూసి ఉంచాలి. ఆ కరెంటు ఖర్చు ఎవరిదో లీజులో రాయరు, తర్వాత తగువులు దానికే.

ఇంకోటి, గోడ మెత్తలు. ఆటగాళ్ళ బెంచీ తలుపులు, ఐసు బండి వచ్చే పెద్ద తలుపు, ఈ చోట్ల రెండు మెత్తలు ఒకదాని మీదికి ఒకటి రావాలి. పక్కపక్కన ఆనిస్తే దెబ్బకి విడిపోయి లోపలి గొళ్ళెం బయటపడుతుంది. మెత్త అడుగుకీ టర్ఫ్ అంచుకీ మధ్య సందు ఉంటే పాదం దూరుతుంది. ప్రతి ఆటకి ముందు సిటీ మనిషి, టీము మనిషి ఇద్దరూ చుట్టూ నడిచి సంతకం పెట్టాలి.

లెక్కల_పద్దు:
మోకాళ్ళంటే గుర్తొచ్చింది, బీమా గురించి ఎవరూ ఎత్తలేదు. అద్దె కంటే ముందు కౌన్సిల్ అడగాల్సింది వర్కర్స్ కాంప్ పాలసీ, అంటే పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి ఖర్చు పెట్టే బీమా. ప్రీమియం జీతంలో ప్రతి వంద డాలర్లకీ ఇంతని ఉంటుంది. ఢీకొట్టే ఆటల టీములకి చాలా రాష్ట్రాల్లో బీమా కంపెనీలు వాడేది 9179 కోడు, దాని రేటు గుమస్తా రేటుకి ఎన్నో రెట్లు. ఆటకి 300 డాలర్లు, 21 మంది, 16 ఆటలు అనుకోండి, జీతాలే 1,00,800 డాలర్లు. ఆటగాళ్ళ గది అద్దె జీతంలో భాగంగా ఇస్తే ఏడాది చివరి ఆడిట్‌లో అదీ కలుస్తుంది. ప్రమోటర్ల అంచనాల్లో ఈ పద్దు ఉండదు. కంతు కట్టకపోతే పాలసీ మధ్యలో రద్దవుతుంది, కాలు విరిగిన కుర్రాడికి ఆపరేషన్ ఖర్చు ఎవరు పెట్టాలి?

బీమా సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అని ఊరుకోవద్దు. పాలసీ రద్దయితే ఆ కబురు దానంతట అది సిటీకి రాదు, రద్దు నోటీసు ఇచ్చే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే షరతు) విడిగా రాయించుకోవాలి. ఆటగాళ్ళు ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్లు అని చెప్పే ప్రమోటరుతో అక్కడితో మాట ఆపేయాలి.

మానేరు_మిడ్‌వెస్ట్:
ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ మీ ముగ్గురి షరతులూ కలిపితే ఏ చిన్న యజమానీ రాడు. కాన్సస్‌లో సలీనా చూడండి, జనాభా 47 వేలు. అక్కడి టీము సలీనా లిబర్టీ 2016లో ఆడటం మొదలుపెట్టింది, 2024లో ఆ కూలిన లీగులోకి వెళ్ళి కూడా బతికి బయటపడింది. మొంటానాలో బిల్లింగ్స్ అయితే అదే 2024లో ఆల్బనీ కొత్త టీము ఫైర్‌బర్డ్స్‌ని ఓడించి అరీనాబౌల్, అంటే ఆ లీగు ఫైనల్, గెలిచింది, ఆ ఊరి జనాభా లక్షా ఇరవై వేల దరిదాపుల్లోనే. చుట్టుపక్కల మరో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లేని ఊళ్ళకి ఈ టీము చాలా విలువైనది. మూడు ఆటల ఖర్చు ముందే డిపాజిట్ పెట్టమంటే నిజాయితీపరుడు వెనక్కి తగ్గుతాడు, గాలి కబుర్లవాడు ఎక్కడో అప్పు తెచ్చి పెడతాడు.

పెన్నా_కాన్సస్:
ఈ మాటలో బలముంది, డిపాజిట్ పట్టు తగ్గిస్తాను. ఒక ఆట ఖర్చుకి లెటర్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు హామీ పత్రం), ప్రతి ఆటకీ పది రోజుల ముందు ఆ ఆట ఖర్చు నగదుగా. కట్టకపోతే తేదీ రద్దు, కచేరీకి ఇచ్చుకోవచ్చు. దానికి బదులు ఒక్కటి మాత్రం వదలను: సీజన్ టికెట్ల డబ్బు ఎస్క్రోలో, అంటే టీము చేతికి చిక్కని విడి ఖాతాలో, ఉండాలి. ఎనిమిది ఆటలకి అమ్మితే, ఒక్కో ఆట అయ్యాక ఎనిమిదో వంతు టీముకి వెళ్ళాలి. మూడో ఆట తర్వాత టీము పోతే మిగతా అయిదు ఆటల డబ్బు కొన్నవాళ్ళకి తిరిగొస్తుంది. నవంబరులో అమ్మిన టికెట్ల డబ్బుతో మార్చిలో బస్సుల అద్దె కట్టే అలవాటు ఉన్నన్నాళ్ళూ మునిగేది అభిమానులే.

లెక్కల_పద్దు:
ఎస్క్రో బాగుంది, కానీ టీముకి ఖర్చంతా మొదటి ఆటకి ముందే ఉంటుంది: హెల్మెట్లు, క్యాంపు, బీమా మొదటి కంతు. ఆ మొత్తాన్ని స్పాన్సర్ల డబ్బుతోనో సొంత పెట్టుబడితోనో చూపించగలిగినవాడికే లీజు ఇవ్వండి. టర్ఫ్ సిటీదైతే ఆ భారం ఎలాగూ కొంత తగ్గింది.

రింకు_కింద_నేల:
ఎస్క్రో నిలబడాలంటే టికెట్లు అరీనా బాక్సాఫీసు నుంచే అమ్ముడవ్వాలి, ఇది లీజులో మొదటి పేజీలోనే ఉండాలి. బడులకీ చర్చిలకీ వందల్లో అమ్మే గ్రూపు టికెట్లని టీము సేల్స్ కుర్రాళ్ళు చెక్కులు తీసుకుని చేత్తో ఇచ్చేస్తారు. ఆ డబ్బు ఎస్క్రో మొహం కూడా చూడదు. గ్రూపు టికెట్లకి కూడా బార్‌కోడ్ అరీనాయే ముద్రించాలి, చెక్కు అరీనా పేరు మీద రాయించాలి.