సైలెన్సర్ మార్చినంక చెక్ ఇంజన్ లైట్ పోతలేదు, ఏం చేయాలె?

నల్గొండ350:
అన్నలూ, నాది 2021 బీఎస్6 350 సీసీ బండి. పోయిన ఆదివారం ఇంజన్ కాడికెల్లి సైలెన్సర్‌కు పోయే బెండ్ పైపుతో సహా మొత్తం ఎగ్జాస్ట్ మార్పిచ్చిన, సౌండ్ జబర్దస్త్ ఉంది గానీ చిట్యాల దాటంగనే మీటర్ల పసుపు లైటు ఎలిగింది. ఫిట్ చేసిన పిలగాడు బ్యాటరీ వైరు పీకి పెట్టమన్నడు, పెట్టిన, పోయింది, మర్నాడు నార్కట్‌పల్లి కూడా రాలే మళ్ల ఎలిగింది. థ్రాటిల్ వదిలితే పటపట కొడుతుంది. ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) రీమ్యాప్, అంటే దాని పెట్రోల్ సెట్టింగులు మార్పిచ్చుడు, చేయించాలె అని వేలల్ల అడుగుతున్నరు, నిజంగ అవసరమా?

పాలమూరోడు:
తమ్మీ ఆగు, పైసలు ఇయ్యకు. బ్యాటరీ పీకుడంటే జ్వరమొచ్చినోని థర్మామీటర్ ఇదిలిచ్చినట్టే. ముందు లైటు ఎందుకు ఎలిగిందో ఈసీఎంల పడ్డ కోడ్ చదివించు, బ్లూటూత్ స్కానర్ చాలు, కాకపోతే బండికి ఆరు పిన్నుల సాకెట్ ఉంటే అడాప్టర్ కేబుల్ కావాలె. పటపట అంటున్నవంటే నాకైతే లీక్ మీదనే అనుమానం. పొగల ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు ఏడనన్న సందు ఉంటే బయటి గాలి లోపలికి గుంజుకుంటది, సెన్సార్‌కు ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తది, ఈసీఎం ఏమో పెట్రోల్ తక్కువ పోతుందనుకొని ఇంకింత కొడతది, మైలేజీ కూడా పాయె. పొద్దుగాల ఇంజన్ సల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి ఇంజన్ హెడ్ కాడ పైపు జాయింట్ మీద సర్ఫు నీళ్లు కొట్టు, ఇంకొకల్ని సైలెన్సర్ మూతికి తడిగుడ్డ రెండు సెకండ్లు అడ్డం పెట్టమను. బుడగలొస్తే దొంగ దొరికినట్టే. జాయింట్ల సందు మూసే గాస్కెట్ పాతదే మళ్ల ఏసిండా అడుగు.

మిర్యాలగూడ_బండి:
సెన్సార్ వైరు కూడా చూడు బ్రో. నాకు పీ0135 వచ్చింది, అంటే సెన్సార్ల హీటర్ సర్క్యూట్. కొత్త పైపుకు వైరు తగిలి కరిగిపోయింది, నేనేమో సెన్సారే పోయిందని కొత్తది కొన్న 😑 ఇంకోటి, బెండ్ పైపుల పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండే బండి అయితే అది కూడా తీసేసినట్టే, పొగ, సౌండ్ రూల్ కింద పట్టుకుంటే 10,000 దాక ఫైన్. పాత పైపు మాత్రం స్క్రాపుకు ఎయ్యకు.

నల్గొండ350:
పాలమూరన్నా దండం! కోడ్ పీ0131, సెన్సార్ ఓల్టేజీ తక్కువ అని. సర్ఫు నీళ్లు కొడితే హెడ్ కాడ గుడగుడ బుడగలు. ఇప్పి చూస్తే పాత గాస్కెటే, ఒక దిక్కు ఒత్తుకపోయి పక్కకు నల్లటి మసి గీత, నట్టు కూడా ఒకటి లూజే. కొత్తది ఏసి కోడ్ తీసేసినం. నిన్న దేవరకొండ దాక పోయొచ్చిన, లైటు రాలే. పటపట ఇంకా కొద్దిగ ఉంది, మా బాపుకైతే మొత్తం సౌండే నచ్చుతలేదు.