సమస్య: బిల్లు పుట్టె ననుచు నిల్లు మురిసె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగవ పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను. బిల్లు వస్తే గుండె గుభేలుమనే ఇళ్లే మనకు తెలుసు కాబట్టి, మురిసిన ఇల్లు ఎక్కడిదో మీరే చెప్పాలి. అయితే కరెంటు బిల్లూ, శాసనసభ బిల్లూ పనికిరావు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బ్యాంజో, మాండొలిన్ వంటి తంతివాద్యాలతో సాగే బ్లూగ్రాస్ సంగీతమంటే ప్రాణం పెట్టే ఒక ఇంట బిడ్డకు పేరు పెట్టే సందర్భంగానే పూరించాలి. ఆ సంగీతానికి పితామహుడనిపించుకున్న బిల్ మన్రో 1911లో అదే రాష్ట్రంలోని రోజీన్‌లో పుట్టాడు. ‘బి’కీ ‘ని’కీ యతి కుదరలేదని ఎవరూ తొందరపడి వ్రాయవద్దు, అక్కడ ఉన్నది ప్రాసయతి, అంటే ‘బిల్లు’, ‘నిల్లు’లలో రెండవ అక్షరం ‘ల్లు’ కలవడం.

మొదటి పూరణ:

నీలి గడ్డి పాట నేర్పిన ఘనుడంచు
మాండొలీను మోగ మన్రొఁ దలచి
తండ్రి పసికిఁ బేరు దయతోడ నొసగంగ
బిల్లు పుట్టె ననుచు నిల్లు మురిసె.

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘మన్రో’ను ‘మన్రొ’గా కుదించడం సూర్యగణం కోసమేనని తెలుస్తూనే ఉంది, పరభాషా నామం కనుక క్షమిద్దాం. ‘నీలి గడ్డి’ అనగానే పశువుల మేత తోచినా, కెంటకీకి ఆ గడ్డి వల్లనే ‘బ్లూగ్రాస్ రాష్ట్రం’ అన్న బిరుదు రాగా, ఆ బిరుదును మన్రో తన బృందానికి పెట్టుకోగా, బృందం పేరే చివరికి సంగీతానికి స్థిరపడింది కాబట్టి అనువాదం నిలుస్తుంది. నాకు రుచించనిది ‘దయతోడ’. కన్నకొడుక్కి పేరు పెట్టడానికి తండ్రికి దయ ఎందుకు? అది యతి కోసం వచ్చి కూర్చున్న మాట. ‘తమితోడ’ అంటే యతీ చెడదు, ఇష్టమూ పలుకుతుంది.

పూరించినవారు: సవరణ శిరోధార్యం, గురువుగారూ. నిజానికి ఆ మాట దగ్గర యతికి దొరికిందే చాలునని సర్దుకున్నాను.

రెండవ పూరణ:

ఫ్లాటు పేర మొదటి పట్టినిఁ బిలువగ
నెర్లు వచ్చెఁ బిదప నింటిలోన
కొరత తీర మూడొ కొమరుండు గలుగంగ
బిల్లు పుట్టె ననుచు నిల్లు మురిసె.

ఒక సభ్యురాలు: ఫ్లాటు కొన్నాక బిల్లు రావడం మా అందరికీ అనుభవమే కనుక శ్లేష చదవగానే నవ్వు వచ్చింది. కానీ మన్రో బృందంలో ఉండిన లెస్టర్ ఫ్లాట్ అన్న పేరులో ఫ్లాట్ ఇంటిపేరు కదండీ, దానితో బిడ్డను పిలుస్తారా?

పూరించినవారు: లెస్టరని పిలిస్తే శ్లేష పోతుందమ్మా. శ్లేష కోసం ఇంటిపేరును ఇంట్లోకి తెచ్చుకున్నాను.

నిర్వాహకుడు: ‘మూడొ’ గ్రామ్యం. ‘మూడవ’ అంటే గణం చెడుతుంది కాబట్టి ‘కొరత తీర మరలఁ గొమరుండు గలుగంగ’ అని మార్చండి. ఇక వరుస సంగతి. ఫ్లాట్, మూడు వేళ్లతో బ్యాంజో మీటి పేరు పొందిన ఎర్ల్ స్క్రగ్స్, ఇద్దరూ 1945లో మన్రో బృందంలో చేరినవారే, 1948లో వెలుపలికి వచ్చి సొంత బృందం కట్టుకున్నవారే. ఆ తరువాత చాలా ఏళ్లు ఫ్లాట్‌కూ మన్రోకూ మాటలు లేవు. ఈ ఇంట పెద్దవాడు ఫ్లాటు, కడగొట్టువాడు బిల్లు అయినప్పుడు అన్నదమ్ములు ఒకే పీటపై కూర్చుని అన్నం తింటారా అన్నది నా సందేహం.

మూడవ పూరణ:

తార షడ్జ మంటఁ దానేడ్చెఁ బసివాడు
పుట్టి పుట్ట కుండ బొబ్బ లిడుచు
నాటి గొంతె యిదని నాయన పలుకంగ
బిల్లు పుట్టె ననుచు నిల్లు మురిసె.

నిర్వాహకుడు: ఇది పూరణ! మొదటి రెండింటిలోనూ పేరు పెట్టారు కాబట్టి మురిశారు. ఇందులో మురవడానికి కారణం పద్యంలోనే పుట్టింది. తార షడ్జమంటే పై స్థాయిలోని ‘స’. మన్రో పాడే ఎత్తయిన, ఒంటరితనం నిండిన గొంతును అక్కడివారు ‘హై లోన్‌సమ్’ అంటారు. పసివాడి ఏడుపు వినగానే ఆ గొంతు స్ఫురించి, నామకరణానికి ముహూర్తం కూడా చూడకుండా ఇల్లంతా బిల్లని పిలిచిందంటే సమస్యలోని అసంగతి దానంతట అదే విడిపోయింది.

మొదటి పూరణ చేసినవారు: ఒప్పుకుంటున్నాను. ఒక్క చిక్కు మాత్రం చెబుతాను, ‘షడ్జ మంట’ అని విరిచి చదివితే షడ్జానికి నిప్పంటుకున్నట్లుంది.

మూడవ పూరణ చేసినవారు: రాత్రి రెండు గంటలకు ఆ ఏడుపు విన్నవారికి ఆ అర్థమే సరిపోతుంది, అన్నగారూ.