అప్‌డేట్: ఫ్యామికామ్ డిస్క్ సిస్టమ్‌లో ఎర్రర్ 22, 27 పోయాయి

ఇది నింటెండో ఫ్యామికామ్ గేమ్ కన్సోల్‌కు తగిలించే డిస్క్ డ్రైవ్. డిస్కును తిప్పే రబ్బరు బెల్ట్ మార్చాక కూడా డిస్క్ చదవడం లేదని, ఒకసారి ఎర్రర్ 22, మరోసారి 27 (చదివిన డేటాలో తప్పు) వస్తోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే బెల్ట్‌తో సగమే పని. ఇప్పుడు బాగా నడుస్తోంది. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం వివరాలు.

పాత బెల్ట్ కరిగి తారులా అంటుకుంటుంది. మోటార్ పుల్లీ మీద, ఫ్లైవీల్ అంచున ఆ జిగురు కొంచెం మిగిలినా కొత్త బెల్ట్ జారుతుంది, వేగం నిలకడగా ఉండదు. 99% ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది నల్లబడటం ఆగేదాకా తుడవాలి. డిస్కును చదివే హెడ్‌ను కూడా. పసుపు డిస్కులకు షట్టర్ (జరిగే మూత) లేదు కాబట్టి దుమ్మంతా అక్కడికే చేరుతుంది.

అసలు చిక్కు స్పిండిల్ హబ్‌ది, అంటే డిస్కును మధ్యలో పట్టుకుని తిప్పే భాగానిది. ఈ డిస్కులో డేటా అంతా ఒకే స్పైరల్ ట్రాక్. హెడ్ ఒక చివర నుంచి మరో చివరికి ఆగకుండా చదువుతుంది. మొదలయ్యే చోటు తప్పితే మొదటి బ్లాకే (డేటా ముక్క) దొరకదు, 22 వస్తుంది. హబ్ పాత స్థానం దగ్గర సన్న పెన్నుతో గీత పెట్టి, అలెన్ స్క్రూ వదులు చేసి, వెంట్రుకవాసి తిప్పి, బిగించి చూడాలి. మళ్లీ మళ్లీ. ఓపిక పరీక్షే!

ఒక్క డిస్కు చదివితే చాలదు, మూడు నాలుగు పెట్టి చూడండి. అప్పటిదాకా ఏ గేమూ సేవ్ చేయొద్దు: హబ్ తప్పుగా ఉండగా రాసిన డిస్కు వేరే డ్రైవ్‌లో చదవకపోవచ్చు.

ఎర్రర్ 02 వస్తే మాత్రం డ్రైవ్ విప్పకండి. అది కరెంట్ సంగతి, ఆరు సీ సైజు బ్యాటరీలు మార్చండి.