డ్రెడ్ స్కాట్ కేసులో ఒక డౌట్, లా తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్

అమెరికా కాన్‌స్టిట్యూషన్ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? కాలేజీ సెమినార్ కోసం డ్రెడ్ స్కాట్ కేసు చదువుతున్నా, ఒకచోట బుర్ర తిరిగిపోతోంది.

కథ వరకు ఓకే. ఆర్మీ డాక్టర్ ఎమర్సన్ దగ్గర బానిసగా ఉన్న స్కాట్ ఆయనతో పాటు ఇల్లినాయ్, తర్వాత ఫోర్ట్ స్నెల్లింగ్, అంటే బానిసత్వం నిషేధించిన చోట్ల ఏళ్ల తరబడి ఉన్నాడు కాబట్టి మేం ఫ్రీ అని స్కాటూ, భార్య హ్యారియెట్టూ 1846లో సెయింట్ లూయిస్‌లో కోర్టుకెక్కారు. 1847లో ఓడిపోయారు, ఎందుకంటే వీళ్ల ఓనరు ఎమర్సన్ భార్యే అని సాక్ష్యం సరిగ్గా నిలబడలేదట. ఓనరెవరో ప్రూవ్ కాలేదు కాబట్టి ఆ ఓనరు దగ్గరే పడుండండి అన్నట్టు, ఏం న్యాయమో! 1850లో జ్యూరీ ఫ్రీ అంది, 1852లో మిస్సోరి సుప్రీంకోర్టు తిరగ్గొట్టేసింది.

ఆ తర్వాత కేసు ఫెడరల్ కోర్టులకెళ్లింది. నా డౌట్ అమెరికా సుప్రీంకోర్టు 1857లో ఇచ్చిన తీర్పు మీద. నల్లవాళ్లు సిటిజన్లే కాదు, కాబట్టి ఫెడరల్ కోర్టులో కేసే వెయ్యలేరు అన్నాడు చీఫ్ జస్టిస్ టానీ. సరే, కేసు వినే పవరే లేనప్పుడు అక్కడితో ఆపకుండా మిస్సోరి కాంప్రమైజ్ (ఉత్తరాది టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించిన 1820 నాటి చట్టం) చెల్లదని ఎలా చెప్పేశాడు? జస్టిస్ కర్టిస్ కూడా డిసెంట్‌లో, అంటే తీర్పుతో విభేదిస్తూ రాసిన దాంట్లో, దీన్నే పట్టుకున్నాడు. మరి ఆ భాగం అసలు తీర్పా, ఒబిటరా (కట్టుబడక్కర్లేని పక్క వ్యాఖ్యా)? సిటిజన్‌షిప్ సంగతి 1868లో 14వ సవరణ తేల్చేసింది, రెండోది, అంటే కాంప్రమైజ్ సంగతి, 13వ సవరణతో బానిసత్వమే పోయింది కాబట్టి ఎవరూ తేల్చకుండా వదిలేశారా?

డిసెంట్‌లో ఏ భాగం చదివితే సరిపోతుందో చెప్పినా చాలు, శుక్రవారమే సెమినార్.