నిజమైన జవాను కథను సినిమా కోసం ఎంతదాకా మార్చొచ్చు?

ఖిల్లా కమాన్:
హన్మకొండల వచ్చే నెల వరుసగా మూడు ఆదివారాలు మూడు పాత యుద్ధం సినిమాలు వేద్దామనుకున్నం: 'సార్జెంట్ యార్క్' (1941), 'టు హెల్ అండ్ బ్యాక్' (1955), 'బోర్డర్' (1997). మూడూ నిజంగ యుద్ధం చేసినోళ్ల కథలే. జాబితా బయటికి రాంగనే రెండు పక్షాలైనయి. సినిమా అన్నంక మార్పులు తప్పవని కొందరు, ఉన్నదున్నట్టు తియ్యనప్పుడు అసలు పేరెందుకు వాడుకున్నరని కొందరు.

నా మాట ముందే చెప్తున్న. కథను కుదించొచ్చు, వెనకది ముందుకు జరపొచ్చు. బతికున్నోణ్ణి చంపొద్దు, పక్కన నిలబడ్డోణ్ణి మాయం చెయ్యొద్దు. మీరేమంటరు?

కాజీపేట లోకో:
మొదటి ప్రపంచ యుద్ధంల కొట్లాడిన అమెరికా జవాను ఆల్విన్ యార్క్‌తోటి మొదలుపెడ్దాం, ఎందుకంటే అందుల కాయితాలు ఎక్కువ దొరుకుతయి. 1918 అక్టోబర్ 8, ఫ్రాన్సుల ఆర్గాన్ అడవి, షాటెల్-షేహెరీ ఊరి దగ్గర. అమెరికా సైన్యం 82వ డివిజన్, 328వ రెజిమెంట్. సార్జెంట్ ఎర్లీతో కలిపి 17 మంది జర్మన్ల వెనుక దిక్కుకు చుట్టి పోయిన్రు. గుట్ట మీది మెషీన్‌గన్లు వీళ్ల మీదికి తిరిగినయి. ఆరుగురు అక్కడనే పోయిన్రు, ఎర్లీతో సహా ముగ్గురికి గాయాలు. మిగిలింది ఎనిమిది మంది, అందుల యార్క్ ఒక కార్పొరల్. సార్జెంట్ హోదా ఆ తర్వాత వచ్చింది. చివరికి పట్టుబడ్డ జర్మన్లు 132 మంది, వాళ్లల్ల 4 ఆఫీసర్లు.

ఇగ సినిమాల. యార్క్ పగతోటి పోతుంటే పిడుగు పడి చేతిల తుపాకి చీలుతది, ఆయన దేవుని దిక్కు తిరుగుతడు. ఇది పూర్తిగ కల్పన. నిజంగ మార్చింది దోస్తు ఒకడు తాగి కొట్లాడి చచ్చిపోవుడు, ఏండ్ల తరబడి తల్లి పోరు, పెండ్లాడబోయే గ్రేసీ మాట, 1915 మొదట్ల చర్చిల జరిగిన ప్రార్థనలు.

పిస్టల్ సంగతి వేరే. ఆయన వాడింది .45 కోల్ట్. బాయ్‌నెట్లు పట్టుకొని ఉరికొస్తున్నోళ్లను వెనకోణ్ణి మొదలు కొట్టి ముందుకు వచ్చిండు, ముందటోనికి వెనక ఏమైతున్నదో తెల్వకుండ. సినిమాల చేతిల లూగర్ అనే జర్మన్ పిస్టల్ ఉంటది. డైరెక్టర్‌కు తెల్వక గాదు. కోల్ట్‌ల తూటా పేలిన ఎదురు దెబ్బకే పైన స్లైడు వెనక్కి పోవాలె, ఖాళీ షెల్ బయటపడాలె, కొత్తది ఎక్కాలె. షూటింగ్‌కు వాడే ఉత్తుత్తి తూటాకు సీసపు గుండు ఉండదు. గుండు లేకుంటే ఆ దెబ్బ సరిపోదు, స్లైడు సగంల ఆగిపోతది. వరుసగ కాల్చే సీను దాంతోటి నడవదు, అందుకే తుపాకి మార్చిన్రు. ఇసొంటి మార్పును నేను తప్పు పట్ట.

జంపన్న వాగు:
అన్నా, పిస్టల్‌ను మాఫ్ చేసినప్పుడు పిడుగును ఎందుకు పట్టుకుంటున్నవు? మనిషి మనసు మూడేండ్లల మెల్లగ మారుతది, సినిమాకున్నది రెండు గంటల చిల్లర. ఆ మార్పు కంటికి కనబడాలె. మేడారంల జంపన్న వాగు నీళ్లు నెత్తిన చల్లుకునేటోళ్లు ఆధారం అడుగరు. సంపెంగ వాగు జంపన్న నెత్తురుతోటి ఎర్రబడ్డదంటే ఎర్రబడ్డట్టే. ఒగ్గుకథ చెప్పేటాయన వీరుణ్ణి తాటిచెట్టంత చేసి చెప్తడు, వినేటోనికి ఆ పద్ధతి ఎరికే. వీరగాథకు ఎప్పటికీ ఉన్న హక్కు ఇది. కెమెరా వచ్చిందని గుంజుకుంటమా?

వేయిస్తంభాల వీధి:
జంపన్న కథకు ఏడు వందల ఏండ్లు అన్నా. జవాను కథ గట్ల గాదు. ఆయన ఉంటడు, లేకుంటే పెండ్లాం పిల్లలు ఉంటరు.

బోర్డర్ చూడండి. 1971 డిసెంబర్ 4 రాత్రి, రాజస్థాన్‌ల లోంగేవాలా పోస్టు. మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గర 23 పంజాబ్ రెజిమెంట్ 'ఎ' కంపెనీ, సుమారు 120 మంది. ట్యాంకులు ఒక్కటి లేవు, ట్యాంకులను కొట్టనీకి జీపు మీది 106 ఎం.ఎం. రీకాయిల్‌లెస్ తోపు ఉండె. బీఎస్‌ఎఫ్ నుంచి వాళ్లతోటి ఉన్నాయన భైరోన్ సింగ్ రాథోడ్. సినిమాల సునీల్ శెట్టి వేసింది ఆయన పాత్రనే, తెర మీద ప్రాణమిస్తడు. అసలాయన 2022 డిసెంబర్ దాక బతికిండు! సినిమా వచ్చినంక ఇరవై అయిదేండ్లు. కోట్ల మంది కండ్లల్ల ఆయన అమరుడు, ఇంట్ల మాత్రం పెన్షన్ మీద బతికే ముసలాయన.

పోస్టు మొత్తంల మనోళ్లు చనిపోయింది ఇద్దరు. సినిమాల పేరున్న ప్రతి పాత్రకూ ఊర్ల ఒక ఇల్లు, ఒక పాట పెట్టుకున్నరు, ఆ ఇంటి దుఃఖం రావాలంటే మనిషి పోవాలె. లెక్క అట్ల పెరిగింది. నాకు బాధ ఏందంటే, నిజంల ఉన్న ఉత్కంఠను వదిలేసి చావులు కలిపిన్రు. శత్రువు ట్యాంకులు పోస్టు ముందటి ముండ్లతీగ చూసి మందుపాతరలు ఉన్నయనుకొని ఆగిపోయినయి. అక్కడ పాతరలు లేవు! ఆ తీగె ముందట ట్యాంకులు నిలబడ్డ సేపు చాలు, ఒక సినిమాకు. జైసల్మేర్‌ల ఉన్న హంటర్ విమానాలకు రాత్రి పూట కొట్టే సామాను లేదు, తెల్లారేదాక ఆగవలసి వచ్చింది. ఇది మాత్రం సినిమా సరిగ్గనే పట్టుకున్నది, మెచ్చుకుంటున్న.

మానేరు కట్ట:
సైనికుణ్ణే పక్కన పెట్టుకొని తీస్తే ఈ గొడవ ఉండదంటరు కొందరు. దానికి జవాబు 'టు హెల్ అండ్ బ్యాక్'. అందుల రెండో ప్రపంచ యుద్ధం అమెరికా జవాను ఆడీ మర్ఫీ పాత్ర వేసింది ఆడీ మర్ఫీయే. అయినా అసలు సీనే మారిపోయింది.

1945 జనవరి 26, ఫ్రాన్సుల హోల్ట్స్‌వీర్ ఊరి బయట. మర్ఫీ తన కంపెనీని అడవిలకు వెనక్కి పంపి, తానొక్కడే నిలబడి ఫోన్ల ఫిరంగులకు గురి చెప్పుకుంట ఉన్నడు. తర్వాత, నిప్పంటుకున్న ఒక ఎం10 ట్యాంక్ డిస్ట్రాయర్ (ట్యాంకులను కొట్టే ఫిరంగి బండి) ఎక్కి దాని .50 మెషీన్‌గన్‌తోటి గంట సేపు ఆపిండు. కాలుకు గాయమైంది. తూటాలు అయిపోయినంకనే దిగి, తన మనుషులను కూడగట్టి ఎదురుదాడికి నడిపిండు.

సినిమాల ఆ బండి షెర్మన్ ట్యాంకు. షెర్మన్‌కు టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై గది) మూత ఉంటది. ఎం10 టరెట్‌కు పైకప్పు లేదు, మెషీన్‌గన్ దాని వెనక అంచుకు బిగించి ఉంటది. ముందట వచ్చేటోళ్లను కొట్టాలంటే టరెట్ వెనక, ఇంజన్ కప్పు మీద నిలబడాలె. కాళ్ల కింద మంట, లోపల డీజిల్, మందుగుండు. ఎప్పుడు పేలుతదో ఎవ్వలకు తెల్వదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆయన ఎంత ప్రమాదంల నిలబడ్డడో అర్థమైతది. షెర్మన్ చూసినోనికి అది తెల్వదు.

ఇంకోటి. సినిమా మెడల్‌తోటి అయిపోతది. అసలాయనకు తర్వాత నిద్ర లేదు, తలగడ కింద తుపాకి పెట్టుకొని పండేటోడు. కొరియా, వియత్నాం యుద్ధాల నుంచి వచ్చినోళ్ల కోసం ఆ సంగతి బయట మాట్లాడిండు కూడ. 1955ల తెర మీదికి అది రాలేదు.

జంపన్న వాగు:
భైరోన్ సింగ్ గారి ముచ్చట తోటి నా నోరు మూతపడ్డది అక్కా. బతికున్నాయనను చంపుడు తప్పే, వీరగాథ పేరు మీద దాన్ని ఎత్తుకొస్తలేను. పిడుగు మాత్రం ఉండనియ్యండి. పిడుగుతోటి యార్క్ పేరు చెడలేదు, ఎవ్వరి చావూ మారలేదు.

కాజీపేట లోకో:
పిడుగుకు ఇగ నేనూ అడ్డం చెప్ప. పక్కనోళ్ల సంగతి మిగిలింది. ఆ రోజు అందరినీ నడిపించిన ఎర్లీకి రెండో స్థాయి పతకం (డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్) 1929ల గానీ రాలేదు, యార్క్‌కు అన్నిటికంటె పెద్ద పతకం వచ్చిన పదేండ్లకు. ఒక్కని పేరు మీద సినిమా అంటేనే మిగతా పదహారు మంది వెనక్కి పోతరు. సినిమా తీసేటోళ్లు వాళ్లల్ల బతికున్నోళ్ల దగ్గర సంతకాలు తీసుకున్నరు, కోర్టు భయానికి.

వేయిస్తంభాల వీధి:
ఇది మనకు దూరపు ముచ్చట గాదు. సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గారి కథ రేపు ఎవరన్న తీస్తరు. 2020 జూన్ 15, గల్వాన్. ఆయనతోటి పోయినోళ్లు ఇంకా 19 మంది. ఆ 19 పేర్లు చివరన ఉరికే అక్షరాలల్ల పడేస్తే ఒప్పుకుంటమా?

ఖిల్లా కమాన్:
ఒప్పుకోం. మూడు సినిమాలూ వేద్దాం, వేసే పద్ధతి మారుద్దాం. సినిమాకు ముందు పది నిమిషాలు. యార్క్, మర్ఫీ సినిమాలకు పతకం ఇచ్చినప్పటి అధికారిక వాక్యాలు తెలుగు చేసి చదువుడు, అవి ఒక్కో పేజీకి మించవు. యార్క్ రోజు గోడ మీద 17 పేర్లు, పోయిన ఆరుగురి పేర్లు మొదట. మర్ఫీ రోజు ఎం10 బొమ్మ ఒకటి, నిలబడ్డ చోట ఎర్ర చుక్క. మానేరు అన్నా, ఆ బొమ్మ గీసే పని నీదే. బోర్డర్ రోజు ఇంటర్వెల్‌ల భైరోన్ సింగ్ గారి ముసలితనపు ఫోటో పెడ్దాం, కింద ఆయన పోయిన సంవత్సరం: 2022.